నెత్తి మీది జానెడు జాగా

దారి గురించి అడిగేటప్పుడు మనం రెండే కొలతలు అడుగుతాం: ఎంత దూరం, ఎంత వెడల్పు. మూడో కొలత ఒకటుందనీ అది నెత్తి మీద ఉంటుందనీ గుర్తొచ్చేది కొద్దిమందికే. వరిగడ్డి వేసుకొచ్చే ట్రాక్టరు డ్రైవరుకు, కోత మిషన్‌ను లారీ మీద ఎక్కించి ఊరూరా తిప్పేవాడికి, వినాయకుణ్ణి తెచ్చుకునే మండపం కుర్రాళ్లకు, ఇంటినే చక్రాల మీద పెట్టుకుని తిరిగే మోటార్‌హోమ్ యజమానికి. ఈ అధ్యాయానికి చివరివాణ్ణి ముందు పెట్టుకుంటున్నాను. గడ్డి బండివాడు కావాలంటే పై రెండు వరుసలు దించేస్తాడు. మోటార్‌హోమ్‌కు ఆ వెసులుబాటు లేదు. దాని కప్పు దించలేం, కప్పు మీది ఏసీ డబ్బాను దారిలో పీకి పక్కన పెట్టలేం. బస్సు ఛాసిస్ మీద కట్టి పైన ఏసీ బిగించాక అది మూడున్నర మీటర్ల దరిదాపుల్లో నిలుస్తుంది, ఆ ఎత్తుతోనే ఊళ్లన్నీ దాటాలి. అందుకే ఎత్తు సమస్యను చదవడానికి ఇంతకంటే నికార్సైన ఉదాహరణ దొరకదు. పైగా తెలుగువాళ్లకు ఇది పరాయి బండేమీ కాదు. 1982లో పార్టీ పెట్టిన ఎన్.టి.రామారావు పాత షెవ్రొలే వ్యానును మార్పించి, చైతన్య రథమని పేరుపెట్టి, అందులోనే పడుకుంటూ, దాని పైకెక్కి మాట్లాడుతూ రాష్ట్రమంతా తిరిగారు. స్టీరింగు దగ్గర హరికృష్ణ ఉండేవారు. ఇవాళ షూటింగు స్పాట్లలో కనిపించే కారవాన్లు దాని తమ్ముళ్లే. వాటి నిర్మాణానికి ఏఐఎస్ 124 అనే భారతీయ ప్రమాణం కూడా ఉంది. బండికి ప్రమాణం వచ్చింది గానీ, అది వెళ్లే దారి ఎత్తును ఎక్కడ వెతకాలో చెప్పేవారు లేరు.

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్లాలనుకుందాం. వెళ్లడానికి కారణాలు తక్కువేం కావు. దారిలో లింగంపేటలో బాగుచేసిన పాత మెట్ల బావి ఉంది. ఎల్లారెడ్డి దాటి మెదక్ వైపు నడిస్తే 1916–22 మధ్య కట్టిన పోచారం చెరువు, దాని చుట్టూ అభయారణ్యం ఉన్నాయి. మరోవైపు మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఉంది. తాడ్వాయి, లింగంపేట మీదుగా నేరుగా వెళ్లే రోడ్డు పొడవు నలభై కిలోమీటర్ల చిల్లర. (ఫోనులో ఒట్టి ‘ఎల్లారెడ్డి’ అని కొట్టేవాళ్లు మాత్రం చూసుకోవాలి, 44వ నంబరు జాతీయ రహదారి మీద సదాశివనగర్ దగ్గర అడ్లూర్ ఎల్లారెడ్డి అని ఇంకొకటి ఉంది, రెండిటికీ పొంతన లేదు.) కామారెడ్డి, ఎల్లారెడ్డి ఒకే జిల్లాలో ఉన్నా ఎత్తు విషయంలో వేరే రకాలు. కామారెడ్డి రైలు ఊరు. సికింద్రాబాద్–నిజామాబాద్ లైను ఊరిని రెండుగా చీలుస్తుంది, కాబట్టి అక్కడ ఎత్తుకు అడ్డం ఇనుము, కాంక్రీటు. ఎల్లారెడ్డికి రైలు లేదు. అటువైపు అడ్డం కరెంటు తీగలు, చింతకొమ్మలు, ఊరి ముందు కట్టే కమాన్లు. మొదటి రకం అడ్డం కొలతకు లొంగుతుంది, కదలదు. రెండో రకం కదులుతుంది, పెరుగుతుంది, ఎండకు వేలాడుతుంది. రెండిటికీ ఒకే తర్కం పనిచేస్తుందా అన్నది ఇక్కడ తేల్చుకోవాల్సిన ప్రశ్న. పనిచేస్తుందనే నా వాదన. ఎత్తు అనేది వంతెనకో తీగకో చెందిన గుణంగా చూసినంతకాలం మనకు అది చిక్కదు. అది రెండు వస్తువుల మధ్య ఉన్న ఖాళీ. కింద రోడ్డు కదిలినా పైన తీగ కదిలినా ఖాళీ మారుతుంది. ఆ మారే సంఖ్యను బండి తిరగగలిగే చోట, అంటే కూడలిలో చెప్పాలి తప్ప, అడ్డం ముందు నిలబెట్టి చెప్పి లాభం లేదు.

ముందు రైలు సంగతి. ఈ లైను నిజాం కాలంలో, పంతొమ్మిదో శతాబ్దం ముగుస్తుండగా, హైదరాబాద్ నుంచి మన్మాడ్ దాకా మీటర్ గేజిగా వేసింది. ఈ వైపు భాగాన్ని బ్రాడ్ గేజికి మార్చింది మొన్న మొన్న, ఈ శతాబ్దం మొదట్లో. నిజాం నాటి కట్టలకు అడుగున వదిలిన సందులు వాగునీటినీ ఎడ్లబండినీ దృష్టిలో పెట్టుకున్నవి. వాటికి లారీ తెలియదు. మిగతా చోట్ల రోడ్డు పట్టాల మీదుగానే దాటేది, కాపలా ఉన్నచోట గేటుతో, లేనిచోట దేవుడి మీద భారంతో. 2014 జులై 24న ఇదే లైను మీద, కామారెడ్డికి దక్షిణాన మాసాయిపేట దగ్గర, కాపలా లేని అలాంటి దాటుడులో నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజరు బడి బస్సును గుద్దింది. ఆ పిల్లల చావుల తర్వాత కాపలాలేని గేట్లు ఉంచకూడదన్న ఒత్తిడి దేశమంతటా పెరిగింది. 2019 జనవరి చివరికల్లా బ్రాడ్ గేజి లైన్ల మీద అలాంటి గేటు ఒక్కటీ లేకుండా చేశామని రైల్వే ప్రకటించింది. చాలాచోట్ల గేటు బదులు పట్టాల కింద పెట్టెలాంటి కాంక్రీటు దారి దోపారు. రైల్వే పరిభాషలో దాని పేరు లిమిటెడ్ హైట్ సబ్‌వే. ఎత్తు పరిమితమని పేరులోనే ఒప్పుకున్న కట్టడం అది. చాలా వాటి ఎత్తు 4 మీటర్ల లోపే. జనం దాన్ని అండర్ బ్రిడ్జి అంటారు. గేటు తీసి ఇలా దారి దోపడం తప్పుడు పని అని నేననను. రైలుకింద పడి పోయే ప్రాణాల ముందు లారీ చుట్టు తిరగడం ఎంతటి నష్టం? అయితే ఒక ప్రమాదాన్ని తీసేసిన పరిష్కారమే దారుల పటంలో ఇంకో మార్పు తెచ్చింది. ఒకప్పుడు ఎంత ఎత్తు బండైనా పట్టాలు దాటగలిగిన చోట, ఇప్పుడు ఫలానా ఎత్తు దాకా మాత్రమే దాటగలదు. రోడ్డు పటం మీద గీత అలాగే ఉంది, దాని అర్థమే మారింది.

‘కాస్త ఎత్తుగా కడితే పోయేది కదా’ అనే అభ్యంతరం ఇక్కడే వస్తుంది. కట్టవచ్చు, కానీ ఎత్తు ఎక్కణ్ణించి తేవాలి? పట్టాలను పైకి లేపడం తేలిక కాదు. రోడ్డు ఇరవైకి ఒకటి వాలులో దిగి ఎక్కగలదు, రైలుకు వందకు ఒకటే ఎక్కువ. పట్టాలు మీటరున్నర లేపాలంటే రెండు వైపులా వందల మీటర్ల కొద్దీ కట్ట పెంచాలి, మధ్యలో స్టేషనుంటే ప్లాట్‌ఫారం కూడా లేవాలి. కాబట్టి ఎత్తును తవ్వి తెస్తారు. 4 మీటర్ల దారిని 5.5 మీటర్లు చేయాలంటే ఇంకో మీటరున్నర లోతుకు దిగాలి; ముప్పైకి ఒకటి వాలు పెట్టుకుంటే ఒక్కోవైపు 45 మీటర్లు అదనంగా రోడ్డు కుంగాలి. ఊరి నడిబొడ్డున 45 మీటర్లంటే ఎన్నో దుకాణాల గుమ్మాలు. అదొక ఎత్తయితే నీళ్లు మరో ఎత్తు. ఎనిమిది మీటర్ల వెడల్పు, రెండు వాలులూ కలిపి 150 మీటర్ల పొడవు ఉన్న దారి మీద 10 సెంటీమీటర్ల వాన పడితే ఆ దారి మీద నేరుగా కురిసిందే 1,20,000 లీటర్లు. అంటే పన్నెండు వేల లీటర్ల ట్యాంకర్లు పది. పక్క వీధుల నుంచి పారివచ్చేది ఈ లెక్కలో లేదు. ఈ జిల్లాకు 10 సెంటీమీటర్లు పెద్ద మాటేమీ కాదు. 2025 ఆగస్టు చివర్లో రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. రైలు కట్టలు కోసుకుపోయాయి, జాతీయ రహదారి తెగింది, లింగంపేట మండలంలో వంతెన దెబ్బతిని కామారెడ్డి–ఎల్లారెడ్డి రోడ్డు ఆగింది. అలాంటి రోజున లోతైన అండర్ బ్రిడ్జి చెరువే. మోటారు పెట్టి తోడతామంటారు, కానీ తోడాల్సిన వాన వచ్చినప్పుడే కరెంటు పోతుంది. ఎత్తును లోతుతో కొంటాం, లోతుకు నీళ్లతో వెల కడతాం. ఏ ఇంజనీరైనా ఈ రెండిటి మధ్యే ఎక్కడో ఆగాలి. తక్కువ ఎత్తు దారుల్లో చాలామటుకు అజ్ఞానం వల్ల వచ్చినవి కావు, ఈ బేరంలో తేలినవి. అంటే అవి మనతోనే ఉంటాయి. వాటిని లేకుండా చేయడం గురించి కాక, ఉన్నవాటితో దారి వెతుక్కోవడం గురించి ఆలోచించాలి.

బోర్డు ఉంటుంది కదా అంటారు. బోర్డు మీద 3.6 అని రాసి ఉంటే 3.5 మీటర్ల బండి దాటాలి. ప్రతిసారీ దాటుతుందని చెప్పలేం. మొదటి కారణం తారు. రోడ్డు కొత్తగా వేసిన ప్రతిసారీ పాత పొర గీకి తీయకుండా దానిమీదే మూడు నాలుగు సెంటీమీటర్లు పరిచే అలవాటు మనది. మూడుసార్లు పరిస్తే 10 సెంటీమీటర్లు పోయినట్టే, బోర్డు మీది అంకె మాత్రం ప్రారంభోత్సవం నాటిది. రెండో కారణం వంపు. అండర్ బ్రిడ్జి అడుగున రెండు వాలులు కలుస్తాయి. ముందు చక్రాలు ఎదుటి వాలు ఎక్కుతుండగా వెనక చక్రాలు ఇంకా ఇటు వాలు మీదే ఉంటే, బండి ఆ పల్లం మీద అడ్డంగా వేసిన పలకలా నిలుస్తుంది. దాని నడుం నేల నుంచి మామూలుకంటే ఎత్తుగా ఉంటుంది. ఎంత ఎత్తుగా? ముందు వెనక ఇరుసుల మధ్య దూరాన్ని దానితోనే గుణించి, వంపు వ్యాసార్థానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే వస్తుంది. ఇరవైకి ఒకటి చొప్పున దిగి ఎక్కే వాలులు ఆరు మీటర్ల వంపుతో కలిశాయనుకోండి, వ్యాసార్థం 60 మీటర్లవుతుంది. ఇరుసుల దూరం ఆరు మీటర్లున్న బస్సు ఛాసిస్‌కు అదనపు ఎత్తు ఏడున్నర సెంటీమీటర్లు. రెండున్నర మీటర్ల కారుకు ఒకటింపావు మాత్రమే. పొడవు వర్గంలో లెక్కకొస్తుంది కాబట్టి పొడవాటి బండికి దెబ్బ ఎక్కువ. ఎత్తుకు అడ్డం పడేది పొడవు అని సామాన్యంగా ఎవరికీ తట్టదు. మూడో కారణం బరువు. నిండు లారీ స్ప్రింగుల మీద కుంగుతుంది. సరుకు దింపి తిరిగొచ్చేటప్పుడు కొన్ని సెంటీమీటర్లు లేస్తుంది. పొద్దున దాటిన దారిలో సాయంత్రం ఇరుక్కున్న లారీల వెనక తరచు ఉండే రహస్యం ఇదే. టైర్లలో గాలి తీసి బయటపడటం దానికి పాత వైద్యం. ఇవన్నీ కూడితే ఎంతవుతుంది? తారుకు పది, వంపుకు ఏడున్నర, స్ప్రింగుకు నాలుగైదు. జానెడు. బోర్డుకూ బండికీ మధ్య ఉందనుకున్న ఖాళీ మొత్తం అందులో పోయింది. దీనికి నియమాల వైపు నుంచి ఒక వింత కూడా జతపడింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి మామూలు వాహనాల ఎత్తును 3.8 మీటర్లకు పరిమితం చేసింది. 2020 సవరణతో సరుకు లారీలకు అది 4 మీటర్లయింది. జాతీయ రహదారుల కింద చిన్న వాహనాల కోసం కట్టే అండర్‌పాస్‌కు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పెట్టిన ఎత్తు కూడా 4 మీటర్లే. అలాంటి లారీ, అలాంటి అండర్‌పాస్ రెండూ కాగితం మీద సక్రమమే, మధ్య ఖాళీ సున్నా. లారీలు పక్కనున్న పెద్ద అండర్‌పాస్‌లో, అంటే 5.5 మీటర్లదాంట్లో వెళ్లాలని ఉద్దేశం. ఆ ఉద్దేశం దారి తెలియనివాడికి ఎలా తెలియాలి?

కామారెడ్డి పొలిమేర దాటి తాడ్వాయి వైపు వెళ్లాక కాంక్రీటు బెడద తగ్గి తీగల బెడద మొదలవుతుంది. రోడ్డును అడ్డంగా దాటే తీగ ఎంత ఎత్తున ఉండాలో మన విద్యుత్ భద్రతా నిబంధనలు చెబుతాయి. తక్కువ వోల్టేజి తీగకు 5.8 మీటర్లు, 11 వేల వోల్టుల తీగకు 6.1 మీటర్లు. రోడ్డు వెంట సాగే తీగలకు ఇంకాస్త తక్కువ. రోడ్డు కాని చోట, అంటే పొలాల మీద, పైపొర లేని 11 వేల వోల్టుల తీగ 4.6 మీటర్లకు దిగినా నిబంధన ఒప్పుకుంటుంది. మూడున్నర మీటర్ల మోటార్‌హోమ్‌కు కాగితం మీద ఇవన్నీ ధారాళమే. కానీ తీగ గీత కాదు, వేలాడే వంపు. రెండు స్తంభాల మధ్య 60 మీటర్లు, నడిమధ్య 60 సెంటీమీటర్ల వేలాడుడు అనుకుందాం. ఈ వంపు వల్ల తీగ నిజ పొడవు, సూటి దూరం కంటే ఎక్కువయ్యేది సెంటీమీటరున్నర మాత్రమే. ఎండకు, కరెంటు భారానికి తీగ వేడి 40 డిగ్రీలు పెరిగితే, ఉక్కు నరం ఉన్న అల్యూమినియం తీగ ఇంకో నాలుగున్నర సెంటీమీటర్లు సాగుతుంది. ఇంతే కదా అనిపిస్తుంది. ఆ నాలుగున్నర సెంటీమీటర్ల పొడవు నడిమధ్య వేలాడుడును 60 సెంటీమీటర్ల నుంచి దాదాపు 1.18 మీటర్లకు దించుతుంది. బిగువు తగ్గినకొద్దీ తీగ కొంత కుంచించుకుంటుంది కాబట్టి అసలు సంఖ్య దీనికంటే తక్కువే, అయినా ఎవరూ ఊహించనంత ఎక్కువ. పొడవులో చిటికెడు మార్పు వేలాడుడులో మూరెడు మార్పవడం ఈ వంపు స్వభావం. నిబంధన చెప్పే ఎత్తు తీగ ఎంత వేలాడినా మిగలాల్సిన ఎత్తే. స్తంభం నిటారుగా ఉండి, బిగువు లెక్కప్రకారం ఉన్నన్నాళ్లు మిగులుతుంది. నల్లరేగడిలో వానకు ఒరిగిన స్తంభం ఆ లెక్క వినదు. దీన్ని వ్యవసాయ పంచాంగంతో కలిపి చూస్తే అసలు చిక్కు బయటపడుతుంది. నిజాంసాగర్ ఆయకట్టులో యాసంగి వరి కోతకొచ్చేది ఏప్రిల్, మే నెలల్లో. తీగలు ఏడాది మొత్తంలో కిందికి దిగేదీ అప్పుడే. మూడున్నర మీటర్లకు పైనున్న కోత మిషన్లు లారీలెక్కేది, గడ్డి బండ్లు వరసకట్టేది అప్పుడే. ఎత్తైన బండ్ల కాలం, కిందికి వచ్చిన తీగల కాలం ఒకటే.

మనిషి పైకెక్కితే లెక్క ఇంకా మారిపోతుంది. మూడు మీటర్ల వాహనం మీద నిలబడి చెయ్యెత్తిన నాయకుడి చేతివేళ్లు ఐదు మీటర్ల మీదికి వెళ్తాయి. 2023 నవంబరు 7న రాజస్థాన్‌లోని నాగౌర్ ప్రాంతంలో కేంద్ర హోంమంత్రి అమిత్ షా ప్రచార వాహనం పైభాగం తీగను తాకింది. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథం కరెంటుకు తగిలినప్పుడు ఆ అదృష్టం లేకపోయింది, ఐదుగురు చనిపోయారు. ఇలాంటి చోట్ల ఒక కుర్రాడు పైన కూర్చుని వెదురు కర్రతో తీగ ఎత్తి పట్టడం మన ఊళ్లలో చూడని పండగ ఉండదు. ఇంటి సర్వీసు తీగకు ఎండు వెదురు ఆగితే ఆగవచ్చు. 11 వేల వోల్టులకు, అందులోనూ వినాయక చవితి నాటి తడిలో, అది కర్ర కాదు, దారి.

ఇప్పుడు దారి వెతకడం అనే లెక్కలోకి వద్దాం. ఫోనులోని మ్యాపు రోడ్లను గీతలుగా, కూడళ్లను చుక్కలుగా చూస్తుంది. ప్రతి గీతకూ పట్టే సమయం రాసుకుని, మొత్తం అతి తక్కువయ్యే వరసను వెతుకుతుంది. డచ్ గణిత శాస్త్రవేత్త ఎడ్స్గర్ డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన పద్ధతి, దాని వారసులు ఈ పనికి మూలం. ఇక్కడ సంఖ్యలు కూడికలు. ఒకచోట ఐదు నిమిషాలు పోయినా మరోచోట పూడ్చుకోవచ్చు. ఎత్తు కూడికలకు లొంగదు. తాడ్వాయి దగ్గర ఆరు మీటర్ల ఖాళీ ఉండటం వల్ల, కామారెడ్డిలో తగ్గిన పది సెంటీమీటర్లు పూడవు. దారి మొత్తం ఎత్తు దానిలోని అతి తక్కువ ఎత్తే. అందువల్ల ఎత్తైన బండికి కావాల్సింది అతి పొట్టి దారి కాదు, తన కనిష్ఠ ఎత్తు మిగతా దారుల కనిష్ఠాలకంటే ఎక్కువగా ఉన్న దారి. గణితంలో ఇది వేరే సమస్య, దీనికీ చక్కటి పరిష్కారాలున్నాయి. నెత్తి మీద అన్నిటికంటే ఎక్కువ ఖాళీ ఉన్న రోడ్డుతో మొదలుపెట్టి ఒక్కొక్కటే కలుపుకుంటూ, కామారెడ్డి ఎల్లారెడ్డితో ఎప్పుడు కలిసిందో చూస్తే చాలు. నేరు దారిలో అడ్డం తగిలితే బాన్సువాడ మీదుగా ఒక చుట్టు ఉంది. జాతీయ రహదారి పట్టుకుని రామాయంపేట, అక్కణ్ణించి మెదక్, పోచారం మీదుగా మరో పెద్ద చుట్టు ఉంది. దూరం రెట్టింపును మించుతుంది. మామూలు ఫోను మ్యాపు ఈ చుట్లను చూపదు, ఎందుకంటే బండి ఎత్తెంతని అది మనల్ని అడగనే అడగదు. జనం స్వచ్ఛందంగా గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గరిష్ఠ ఎత్తు రాయడానికి గడి ఉంది, కానీ కొలిచి నింపేవాళ్లు ఉంటేనే దానికి విలువ. లెక్క చేసే పద్ధతి అరవై ఏళ్ల పైబడి మన చేతిలో ఉంది. లెక్కలో వేయాల్సిన సంఖ్యలు లేవు.

హెచ్చరిక ముందే ఇచ్చినా డ్రైవర్లు వినరన్నది నా వాదనకు గట్టి అభ్యంతరం. దానికి సాక్ష్యంగా అమెరికాలోని నార్త్ కరోలినాలో, డర్హమ్ నగరపు గ్రెగ్సన్ వీధి రైలు వంతెనను చూపవచ్చు. చుట్టుపక్కల కేరీ, మారిస్‌విల్‌లలో వేలమంది తెలుగువాళ్లున్న ప్రాంతం అది. ఆ వంతెన ఎత్తు 2019 దాకా 11 అడుగుల 8 అంగుళాలు, అంటే 3.56 మీటర్లు. 2008 నుంచి ఎదురు భవనంలో పెట్టిన కెమెరా, అద్దె లారీల కప్పులు డబ్బా మూతల్లా లేచిపోవడాన్ని లోకానికి చూపింది. రోడ్డు తవ్వుదామంటే కింద మురుగునీటి పెద్ద గొట్టం ఉంది. వంతెన ముందు ఇనుప దూలం పెట్టారు, బోర్డులు పెట్టారు, 2016లో ఎత్తు పసిగట్టే యంత్రంతో పక్క కూడలి సిగ్నలును జతచేశారు; బండి ఎత్తైతే ఎర్రదీపం వెలిగి, ‘మలుపు తీసుకో’ అని బోర్డు మెరుస్తుంది. అయినా గుద్దడాలు ఆగలేదు. చివరికి 2019లో పట్టాలనే 8 అంగుళాలు లేపారు. జానెడు! గుద్దడాలు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. మరి కూడలిలో చెప్పినా వినలేదు కదా అంటే, ఏ కూడలి అన్నది చూడాలి. వంతెనను ఆనుకుని ఉన్న కూడలి అది. అక్కడికి చేరేసరికి డ్రైవరు తన దారి ఎప్పుడో ఎంచుకున్నాడు, వెనక వరసగా బండ్లున్నాయి, ఎర్రదీపం ఆగమంటోంది కాబట్టి ఆగాడు, పచ్చదీపం రాగానే కదిలాడు. పైగా అద్దె లారీ నడిపేవాడికి తన బండి ఎత్తే తెలియదు. మనిషి దారి ఎంచుకునే ఘడియ ఒకటుంటుంది, అది దాటాక వచ్చే సమాచారం అతనికి ఆటంకంలా కనిపిస్తుంది. కామారెడ్డి విషయంలో ఆ ఘడియ జాతీయ రహదారి మీద, ఊళ్లోకి దిగే మలుపుకు ముందు వస్తుంది. అండర్ బ్రిడ్జి వాలులో ముక్కు పెట్టాక, పన్నెండు మీటర్ల బండి వెనక్కి రావాలంటే ఊరి ట్రాఫిక్ అంతా దానితోపాటు వెనక్కి రావాలి.

బండి ఎత్తు తెలుసుకోవడం డ్రైవరు బాధ్యతేనన్న మాట కాదనను. మోటార్‌హోమ్ నడిపేవాడు ఏసీ డబ్బాతో, యాంటెన్నాతో కలిపి, నీళ్ల ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు కొలిచిన ఎత్తును స్టీరింగు ముందు రాసి అతికించుకోవాలి, ఆపై జానెడు కలుపుకోవాలి. కానీ తన ఎత్తు తెలిసిన డ్రైవరు కూడా రెండో సంఖ్య లేకుండా తీసివేత చేయలేడు. ఇంత అరుదైన బండి కోసం ఇదంతా ఎందుకనే ప్రశ్నకు జవాబు పైన వచ్చేసింది. నెలకొకసారి వచ్చే కారవాన్ కోసం కొలిచిన సంఖ్య ప్రతి యాసంగిలో కోత మిషన్‌కూ, ప్రతి భాద్రపదంలో విగ్రహం లారీకీ, రోజూ స్లీపర్ బస్సుకూ అక్కరకొస్తుంది.

చిక్కంతా ఆ సంఖ్యకు యజమాని ఎవరన్నదే. కామారెడ్డిలో పట్టాల కింది కాంక్రీటు దక్షిణ మధ్య రైల్వేది. దాని అడుగున పరిచే తారు మున్సిపాలిటీదో రోడ్లు భవనాల శాఖదో. లింగంపేట దారిలో తీగ ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థది, తీగ కింద రోడ్డు మళ్లీ రోడ్లు భవనాలది, కమాను గ్రామ పంచాయతీది లేదా దాన్ని కట్టించిన దాతది, చెట్టు కొమ్మ ఎవరిదీ కాదు. ప్రతి శాఖా తన వస్తువును తాను కొలుస్తుంది. వస్తువుల మధ్యనున్న గాలిని ఎవరూ కొలవరు, అది ఏ రిజిస్టరులోనూ ఆస్తి కాదు. తారు పరిచే కాంట్రాక్టరు బిల్లుకు జతచేయాల్సిన కాగితాల్లో, పరిచాక పైన మిగిలిన ఎత్తెంతన్న ఒక్క గడి చేరిస్తే, ఆ సంఖ్య ఖర్చు లేకుండా పుడుతుంది. పరిచినప్పుడల్లా కొత్తదీ అవుతుంది. తీగల విషయంలో కొలత మే నెల మధ్యాహ్నం తీసిందై ఉండాలి. డిసెంబరు పొద్దున తీసిన సంఖ్య అందంగా ఉంటుంది, పనికి రాదు. లేజరు కొలత పరికరం ఇవాళ వడ్రంగుల దగ్గర కూడా ఉంది. తీగ సన్నం కాబట్టి దానికి లైన్‌మెన్ వాడే కొలకర్ర ఉంది. ఇద్దరు మనుషులు, ఒక జీపు ఉంటే కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా రోడ్డుకు అడ్డంగా ఉన్న ప్రతిదాన్నీ రెండు మూడు రోజుల్లో కొలవొచ్చు. వచ్చిన సంఖ్యల్లో అతి చిన్నదాన్ని, అందులోంచి జానెడు తీసేసి, జాతీయ రహదారి నుంచి కామారెడ్డిలోకి దిగే మలుపు దగ్గరా ఎల్లారెడ్డి బస్టాండు దగ్గరా రాస్తే సరిపోతుంది. ఆ కింద చుట్టుదారి ఏదో బాణం గుర్తుతో చూపాలి, లేకపోతే ఎత్తు తెలిసినా డ్రైవరు చేసేదేమీ ఉండదు.